తూటాల మిషను సూట్‌కేసులో తేవచ్చా?



మేము అని రాస్తే సంఘం తరఫున అనుకోకండి. మేమంటే ఇంట్లో ఉన్న ఇద్దరం. ఆమె చెబుతుంది, ఈయన టైపు చేస్తాడు. సాత్తూరు పక్క పల్లెలో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడి, బళ్ళో తమిళం చదివి, రైల్వే పార్సిల్ ఆఫీసులో చేరాక స్టేషను బోర్డులు చూసి తెలుగు అక్షరాలు నేర్చుకున్నవాళ్ళం. ఒత్తులు తప్పితే దిద్దుకుని చదవండి.

పోయిన వారం సింధనూరు పక్క క్యాంపు నుంచి ఒక పిల్లవాడు ఫోను చేశాడు. మన సభ్యుడి కొడుకే, పేరు రాయం. వాళ్ళింట్లో తాత నాటి లైసెన్సు తుపాకీ ఉంది. ఇతనికేమో రైఫిల్ పోటీల మీద మోజు. "పెదనాన్నగారూ, అమెరికాలో తూటాలు ఇంట్లోనే చేసుకుంటున్నారు, వీడియోలు చూశాను. మీవాడూ చేస్తాడంట కదా. ఏ మిషను మంచిది? అన్నయ్య వచ్చేటప్పుడు సూట్‌కేసులో పడేయమనండి, డబ్బు నేనిస్తా" అన్నాడు. ఫోనులో సగం చెప్పాం, సగం మింగాం. ఇలాంటి ఆలోచన ఉన్న పిల్లలు ఇంకా ఉండొచ్చని మిగతాది ఇక్కడ రాస్తున్నాం.

మావాడు టెక్సాస్‌లో ఉంటాడు. గ్రీన్ కార్డు వచ్చాకే రైఫిల్ కొన్నాడు. ఈ ముక్క పిల్లలు అక్కడున్న తల్లిదండ్రులు గుర్తు పెట్టుకోండి: హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు అక్కడ తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. దుకాణంలో వరసగా పెట్టి అమ్ముతున్నారు కదా అని మనవాళ్ళు మోసపోతారు.

మేము వెళ్ళేసరికి వాడు సామాను ఎంచుకునే పనిలో ఉన్నాడు. అక్కడ సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, అమ్మితేనే కావాలి. కాల్చిన ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, దాన్ని మళ్ళీ కొలతకు నొక్కి, అడుగున కొత్త ప్రైమర్ పెట్టి, మందు పోసి, పైన గుండు బిగిస్తారు. చెప్పడానికి ఇంతే.

వాడి కన్ను పెద్ద మిషను మీద ఉంది. పిడి లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై పడేది, ప్రోగ్రెసివ్ అంటారు. గంటకు వందలు. ఇంకోటి సింగిల్ స్టేజ్ ప్రెస్సు. ఒకసారి లాగితే ఒకే పని. యాభై గొట్టాలూ నొక్కడం అయ్యాక డై మార్చి ఇంకో పని మొదలుపెట్టాలి. వాళ్ళమ్మ అడిగింది: "నెలకు ఎన్ని కాలుస్తావురా?" వంద అన్నాడు. "వందకు ఫ్యాక్టరీ ఎందుకు?" అంది. దాంతో సింగిల్ స్టేజ్ ఖాయమైంది. ఆర్‌సీబీఎస్ వాళ్ళ ఇనుప ప్రెస్సు, బల్లకు బోల్టులు వేసి బిగించాడు. కొత్తవాళ్ళకు అదే సరి అని మాకూ అనిపించింది, పొదుపని కాదు. ఏ పని ఎంతవరకు వచ్చిందో దాంట్లో కంటికి కనబడుతుంది.

త్రాసు దగ్గర మాత్రం ఈయన నోరు ఊరుకోలేదు. ముప్పై ఏళ్ళు తూకాలతో బతికిన మనిషి. అక్కడ మందును గ్రెయిన్లలో తూస్తారు, పౌనుకు 7000 గ్రెయిన్లు. గ్రెయినులో పదో వంతు దాకా చూడాలి. మన కంసాలి లెక్కలో చెప్పాలంటే గురిగింజ ఎత్తులో సుమారు పద్దెనిమిదో వంతు. ఎలక్ట్రానిక్ త్రాసు తళతళలాడుతూ ఉంటుంది గాని ఫ్యాను గాలికి, గది వేడికి అంకె జరిగిపోతుంది. తెలిసిన బరువు రాళ్ళ డబ్బా ఒకటి పక్కన ఉండాల్సిందే, మొదలుపెట్టేముందు ఒకసారి, మధ్యలో ఒకసారి సరిచూడాల్సిందే. పార్సిల్ ఆఫీసు కాటాను కూడా మేము ఇలాగే చూసేవాళ్ళం. వాడు బరువు రాళ్ళు అనవసరం అన్నాడు. కొనిపించాం.

మిగతావి త్వరగా చెబుతాం. గొట్టం పొడవు కొలవడానికి కాలిపర్, పెరిగిన పొడవు కోసే పనిముట్టు, కళ్ళజోడు, మందు కంపెనీలూ గుండు కంపెనీలూ అచ్చువేసే కొలతల పుస్తకం. పుస్తకం ముందు కొనాలి, ప్రెస్సు తర్వాత. వీడియోలో ఎవరో చెప్పిన కొలత నమ్మకూడదు. బల్ల మీద ఒక్క మందు డబ్బా మాత్రమే ఉండాలి. ప్రైమర్లు వచ్చిన పెట్టెలోనే ఉంచాలి, సీసాలో పోసి గలగలలాడించకూడదు. ఒకటి పేలితే పక్కవీ పేలుతాయి.

గొట్టానికి నూనె రాయకుండా నొక్కబోతే డైలో ఇరుక్కుపోయింది ఒకటి. తీయడానికి ఒక ఆదివారమంతా పట్టింది. దానికి మేము నవ్వాం.

నవ్వనిది ఇంకోటి ఉంది. గొట్టాలను కడిగే ముందు వాటి మసిలో సీసం ఉంటుంది. ఆరేళ్ళ మనవడు ఆ గరాజులోనే బొమ్మ కారు తోసుకుంటూ తిరిగేవాడు. వాళ్ళమ్మమ్మ వాళ్ళు ఫోనులో ఏమన్నా అంటారేమోనని కోడలు నోరు విప్పదు. చివరికి ఈ ఇంటావిడే గట్టిగా చెప్పింది: పిల్లవాడు ఆ గుమ్మం దాటకూడదు, నీ పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని చొక్కా మార్చుకునే లోపలికి రావాలి. అలిగాడు. కానీ పాటించాడు.

ఒక రాత్రి యాభై గొట్టాల్లోనూ మందు పోసి, చెక్క పలకలో నిలబెట్టి, ఇక గుండ్లు బిగించబోతున్నాడు. మధ్యలో ఆఫీసు ఫోను వస్తే మాట్లాడి వచ్చాడు. మేము సందర్శక వీసా మీద ఉన్నవాళ్ళం, చేత్తో ఏదీ ముట్టేవాళ్ళం కాదు. టార్చి మాత్రం పట్టుకుని వరస వరసగా లోపలికి చూశాం, బండి నుంచి దిగిన పెట్టెలు లెక్కపెట్టినట్టు. నాలుగో వరసలో ఒక గొట్టం ఖాళీ. మందు లేదు. అది అలాగే బిగించి కాలిస్తే ప్రైమర్ బలానికి గుండు బయటికి రాకుండా గొట్టంలోనే నిలిచిపోవచ్చు. అది తెలియక వెనక ఇంకోటి కాలిస్తే రైఫిలు పగిలి ముఖం మీదికి వస్తుంది. వాడు మాట్లాడలేదు. యాభైలోనూ మందు డబ్బాలోకి ఒంపేసి, దీపం ఆర్పి వచ్చేశాడు. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర లేదు. మా చిన్నాయన శివకాశి వైపు ఒక చిన్న టపాకాయల షెడ్డులో రెండు వేళ్ళు పోగొట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆయన ముద్ద కలుపుకోవడం చూస్తూ అన్నం తిన్నవాళ్ళం.

తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుతుంటే ఆమె చేతిసంచిలో ఒక ఇత్తడి గొట్టం తగిలింది. మనవడు ఎక్కడ ఏరాడో ఏమో, కాగితంలో చుట్టి "నానమ్మకు" అని ఇంగ్లీషులో రాసి దాచాడు. బంగారంలా మెరుస్తోంది. తీసేస్తే వాడు ఏడ్చాడు, ఉంచితే విమానాశ్రయం ఎక్స్‌రేలో మేము ఏడవాలి.

ఇప్పుడు క్యాంపు అబ్బాయి మాటకు వస్తాం. 1959 ఆయుధాల చట్టం 2వ సెక్షనులో తూటా అంటే నిండు తూటా ఒక్కటే కాదు. దాని భాగాలూ, దాన్ని తయారుచేసే యంత్రాలూ ఆ మాట కిందికే వస్తాయి. అంటే నువ్వు సూట్‌కేసులో తెమ్మన్న ప్రెస్సు చట్టం కంటికి ఇనప సామాను కాదు నాయనా, తూటాయే. బయటి దేశం నుంచి తేవడానికి 10వ సెక్షను కింద లైసెన్సు కావాలి, తయారీకి 5వ సెక్షను కింద ఇంకో లైసెన్సు. మీ తాత తుపాకీ లైసెన్సు ఈ రెంటికీ పనికిరాదు. లేకుండా తయారుచేస్తే 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ ఏడేళ్ళు, ఎక్కువైతే యావజ్జీవం. రైల్లో మందు తేవడం ఇంకో తప్పు, రైల్వే చట్టం 164 కింద మూడేళ్ళ దాకా జైలు. దీపావళి ముందు బట్టలని రాసి టపాకాయలు బుక్ చేయబోయినవాళ్ళను కౌంటరు దగ్గర చాలామందిని చూశాం. పెట్టె వాసనే చెప్పేసేది.

అసలు నీకు ఆ మిషనుతో పనే లేదు. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కంచు పతకం తెచ్చింది గాలి రైఫిలుతో, పది మీటర్ల పోటీలో. దాంట్లో మందే ఉండదు. తర్వాతి మెట్టు యాభై మీటర్లు, పాయింట్ టూ టూ తూటా. ఆ తూటాకు ప్రైమర్ విడిగా ఉండదు, పేలే మందు అంచులోనే ఉంటుంది. కాలిస్తే అంచు నలిగిపోతుంది, అమెరికావాడు కూడా దాన్ని మళ్ళీ నింపుకోడు.

అడవిపందుల కోసం అయితే అది వేరే కథ. అనుమతి లేకుండా పందిని కాల్చడం వన్యప్రాణి చట్టం కింద నేరం. పంట నష్టానికి అటవీశాఖకు అర్జీ పెట్టుకోవాలి, రాయడానికి మేము సాయం చేస్తాం.

ఆ తుపాకీ లైసెన్సు ఇప్పటికీ తాత పేరు మీదే ఉందని మాటల్లో తేలింది. తాత పోయి చాలాకాలమైంది. తూటాల సంగతి కన్నా మాకు ఇదే ఎక్కువ గుబులుగా ఉంది. లైసెన్సుదారు పోతే తుపాకీని ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషనులో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించి, వారసులు తమ పేరున లైసెన్సుకు అర్జీ పెట్టుకోవాలి. అటక మీద ఉంచుకుని మరిచిపోకూడదు. మీలో ఇంకెవరి ఇంట్లోనన్నా ఇలా ఉంటే చెప్పండి. ఆదివారం పొద్దున్నే ఆ అబ్బాయినీ వాళ్ళ నాన్ననూ పాత కాగితాలన్నీ పట్టుకుని మా ఇంటికి రమ్మన్నాం. తుపాకీ తేవద్దని రెండుసార్లు చెప్పాం.