కొండపల్లిలో తెల్లని గోడ

స్పెయిన్‌లో చదువుకుంటున్న మా చెల్లెలి కుమారుడు గడిచిన షాబాన్ నెలలో కొన్ని ఛాయాచిత్రాలు పంపాడు. మధ్యధరా సముద్ర తీరానికి కాస్త ఎగువన, కొండవాలును పట్టుకుని నిలిచిన ఫ్రిహిలియానా అనే ఊరు అది. ఇళ్ళన్నీ సున్నపు తెలుపు. మెట్ల సందులు, అరుగులమీద పూలకుండీలు. అమ్మీ కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసి, "ఇది మన కొండపల్లే కదా!" అన్నారు. అందరమూ నవ్వాము.

ఆ తెల్లని ఊరి వెనుక ఉన్న కథ మాత్రం నవ్వదగినది కాదు. 1492లో గ్రెనడా చేజారాక అక్కడి ముస్లిములను బలవంతంగా మతం మార్చారు. మోరిస్కోలని పేరుపెట్టి, వారి భాషనూ వేషాన్నీ నిషేధించారు. 1568లో గ్రెనడా కొండల్లో తిరుగుబాటు రేగింది. మరుసటి ఏడు ఫ్రిహిలియానా పక్కనున్న రాతికొండ మీద పోరాడి వారు ఓడారు. 1609 మొదలుకొని 1614 వరకు దేశంలో మిగిలిన మోరిస్కోలను ఓడలెక్కించి వెళ్ళగొట్టారు. ఇప్పుడు అదే ఊరి గోడలమీద పింగాణీ పలకలు ఆ యుద్ధకథను యాత్రికులకు చెబుతున్నాయి. పొలానికి నీరు తెచ్చే కాలువను అక్కడివారు నేటికీ 'అసేకియా' అంటారు. అది అరబ్బీ 'అస్సాకియ'యే. కాలువ తవ్వినవారు పోయారు, దాని పేరు ఉండిపోయింది.

అమ్మీ ఇదంతా విని, "సరే, నన్ను ఒకసారి మా ఊరు తీసుకెళ్ళండి" అన్నారు. ఆ మాట వెనుక ఏమున్నదో మాకు తెలుసు. తాతగారి ఇంటిని పడగొట్టి కొత్తది కట్టాలనుకుంటున్నట్టు అంతకు వారం ముందే మామూ కబురు పంపారు. తాతగారు పోయి ఇరవై ఏళ్ళు దాటినా ఆ ఇంట్లో అమ్మీకి రావలసిన పాలు గురించి ఎవరూ నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే మేమూ అడగలేదు. ఆడబిడ్డల వాటా గురించి ఖుర్‌ఆన్‌లో ఉన్నది చదువుతాము, చదివి పుస్తకం మూస్తాము.

విజయవాడ వన్‌టౌన్ నుంచి కొండపల్లి ఇరవై కిలోమీటర్లే. గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం చేరేసరికి థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు కనిపిస్తాయి. వాటి వెనుక పచ్చని కొండలు. ముందు ఖిల్లా చూద్దామని పిల్లలు పట్టుబట్టారు. రెడ్డిరాజుల కాలం నాటి కోట అది. గజపతులు, బహమనీలు, కృష్ణదేవరాయలు, గోల్కొండ సుల్తానులు వంతులవారీగా ఏలారు. 1687లో గోల్కొండ మొఘలుల వశమయ్యాక దీనికీ యజమాని మారాడు. చివరికి 18వ శతాబ్దిలో ఆంగ్లేయుల పరమయింది. ఒక ద్వారం పేరు దర్గా దర్వాజా, మరొకటి గోల్కొండ దర్వాజా. తానీషా మహలు గోడల్లో పాత గచ్చు ఇంకా గట్టిగానే ఉంది. గోరుతో గీకితే రాలలేదు. మా అబ్బాయి, "ఈ కోట మనదా?" అని అడిగాడు. "చూడవచ్చిన వాళ్ళందరిదీ" అని అమ్మీయే జవాబిచ్చారు.

దిగి వస్తూ బొమ్మల కాలనీలో ఆగాము. తెల్ల పొణికి కర్రను సన్నని సెగమీద ఆరబెట్టి, చెక్కి, చేతులూ కాళ్ళూ విడిగా చేసి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ పైన సున్నం పూస్తారు. రంగులు వేసేది అది ఆరిన తర్వాతే. పనివారు ఒకరు ఇంకా రంగు తగలని అంబారీ ఏనుగును మా చేతికిచ్చారు. అది ఎముకలా తెల్లగా ఉంది. అమ్మీ దాన్నే కొంటామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "రంగు లేకుండా ఇంటికెళ్తే మా పేరు పోతుందమ్మా" అన్నారు. ఆ పట్టుదల మాకు నచ్చింది.

ఇక ఇల్లు. వీధిలో చాలా ఇళ్ళు డిస్టెంపరు రంగుల్లోకి మారిపోయాయి. తాతగారిది మాత్రం పెంకుటిల్లు, సున్నపు గోడలు. పొరమీద పొరగా ఎన్ని రంజానుల సున్నమో అక్కడ పేరుకుని ఉంది. ఎండాకాలంలో గోడకు చెంప ఆనిస్తే చల్లగా ఉండేదని అమ్మీ ఎప్పుడూ చెబుతుంటారు. ఇప్పుడది పెచ్చులూడి, నీరుకారిన చారలతో ఉంది.

జుహర్ నమాజు తరువాత మామూ కాగితాలు తెచ్చి, తలవంచుకునే అన్నారు: "ఆపా, నీ పాలు లెక్కకట్టించాను. ఆలస్యమయింది. మాఫ్ చెయ్యి."

వద్దంటారేమోనని మేము భయపడ్డాము. చాలా ఇళ్ళలో అక్కచెల్లెళ్ళు ప్రేమ పేరుతో అలాగే వదులుకుంటారు. అమ్మీ కాగితాలు తిప్పి చూశారు. "నా పాలు నేను తీసుకుంటాను తమ్ముడూ. రేపు అల్లాహ్ ముందు ఈ అప్పు నీ మెడకు ఉండకూడదు" అన్నారు. మామూ కళ్ళు తుడుచుకున్నారు. ఒక్క నిమిషం ఎవరమూ మాట్లాడలేదు.

"అయితే ఒక మాట" అన్నారు అమ్మీ గోడవైపు చూస్తూ. "పండుగ దాటాకే పడగొట్టు. ఈ రంజానుకు సున్నం వేయించు."

"పడగొట్టే ఇంటికి సున్నమా ఆపా?"

"అవును."

మామూ కొడుకును అంగడికి పంపారు. అతను పొడి పొట్లం తెస్తే అమ్మీ వెనక్కి పంపించారు. రెండోసారి రాతిసున్నం వచ్చింది. పెరట్లో పాత డ్రమ్ములో వేసి నీళ్ళు పోయగానే బుసబుసమని ఉడికింది. పిల్లలు వెనక్కి గెంతారు. అమ్మీ కర్రతో కలుపుతూ, చిటికెడు నీలిమందు ఎక్కడుందో చూడమని మరదలిని కేకేశారు.