కోత అని రాయని కోత

"విశ్వవిద్యాలయాలకు నిధుల కోత" అన్న శీర్షిక పత్రికలో కనపడితే బడ్జెట్ పుస్తకం తీసి చూడటం నాకు అలవాటు. రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిని, ఆ జబ్బు రిటైరైనంత మాత్రాన పోదు. తీరా చూస్తే పుస్తకంలో కోత ఉండదు. తరచుగా కిందటేడు కన్నా నాలుగు డబ్బులు ఎక్కువే రాసి ఉంటుంది. "మేం తగ్గించలేదు" అని మంత్రిగారు అంటారు. "జీతాలకే చాలడం లేదు" అని ధర్నాలో ఉద్యోగులు అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అదెలా కుదురుతుందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

రాష్ట్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయానికి ఇచ్చేదాన్ని బ్లాక్ గ్రాంటు అంటారు. మీకెంత ఖర్చయితే అంత ఇస్తామని దాని అర్థం కాదు. ఇంత ఇస్తాం, సర్దుకోండి అని అర్థం. సైనికుడి జీతం బిల్లు వచ్చినప్పుడు గ్రాంటు చాల్లేదని వెనక్కి పంపే వీలు మాకు ఉండేది కాదు. రక్షణ పింఛన్లకైతే కేంద్ర బడ్జెట్‌లో వేరే డిమాండే ఉంది. విశ్వవిద్యాలయంలో ఆ సదుపాయం లేదు. ఆచార్యుడి జీతం, అటెండరు జీతం, ఎప్పుడో రిటైరైన ఆయన పింఛను, కరెంటు బిల్లు, ప్రయోగశాలలో ఆమ్లం సీసా అన్నీ ఒకే సంచిలోంచి రావాలి. పింఛనుదారులు ఏటేటా పెరుగుతారు. సంచి అదే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. యూజీసీ స్కేళ్లలో కొత్త మూల వేతనం 2016 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆనాడు కరువు భత్యం సున్నా. 2024 జనవరి 1 నాటికి కేంద్రం లెక్కలో అది 50 శాతం. రాష్ట్రాలు వాయిదాల మీద వాయిదాలు వేస్తాయి గానీ చివరికి ఇవ్వక తప్పదు. అంటే ఇంక్రిమెంట్లు పక్కన పెట్టినా, 100 రూపాయల జీతం ఎనిమిదేళ్లలో 150 అయింది. గ్రాంటు ఆ 100 దగ్గరే ఉందనుకోండి. లెక్క కుదరాలంటే మూడోవంతు జీతాలు మాయం కావాలి. ఎవరినీ తీసెయ్యక్కర్లేదు. రిటైరైనవారి కుర్చీ నింపకపోతే చాలు.

ఇందులో కేంద్రం పాత్ర కూడా చూడాలి. 2006 స్కేళ్లు వచ్చినప్పుడు పెరిగిన భారంలో 80 శాతం కేంద్రం భరించింది, అదీ 2010 మార్చి 31 దాకానే. 2016 స్కేళ్లకు వచ్చేసరికి ఆ వాటా 50 శాతానికి దిగింది, గడువు 2019 మార్చి 31. ఆ తర్వాత మొత్తం రాష్ట్రం నెత్తిన. పెళ్లి భోజనానికి సగం డబ్బిచ్చి, కాపురం ఖర్చు మీదేనని వెళ్లిపోయిన చుట్టం లాంటిది ఇది.

సొంత ఆదాయం పెంచుకోండి అన్న సలహా కూడా పాతదే. 1993 ప్రాంతంలో మన శ్రీకాకుళం జిల్లాకు చెందిన జస్టిస్ పున్నయ్య అధ్యక్షతన యూజీసీ వేసిన కమిటీ, విశ్వవిద్యాలయాలు తమ రోజువారీ ఖర్చులో 15 శాతం తామే సంపాదించుకోవాలని, పదేళ్లలో దాన్ని 25 శాతానికి పెంచాలని చెప్పింది. పాత విశ్వవిద్యాలయాలకు ఉన్న పెద్ద ఆదాయం అనుబంధ కళాశాలల ఫీజులు, పరీక్ష ఫీజులు. 2006-2008 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో తెలంగాణ, మహాత్మాగాంధీ, పాలమూరు, శాతవాహన, యోగి వేమన, ఆదికవి నన్నయ, కృష్ణా అంటూ కొత్త విశ్వవిద్యాలయాలు వరసగా వెలిశాయి. జిల్లాకొకటి ఉండటం మంచిదే, నేను కాదనను. కానీ ఆ జిల్లా కళాశాలలతో పాటు ఫీజులు కూడా కొత్త గూటికి వెళ్లాయి. పాత వారి పింఛన్లు మాత్రం పాత గూట్లోనే ఉండిపోయాయి.

చివరికి ఈ లెక్కంతా ఎవరి మీద పడుతుందో మా ఇంట్లోనే చూశాను. నా మేనకోడలు రసాయనశాస్త్రంలో డాక్టరేటు తీసుకుని 2003 నుంచి ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది. ఏటా కాంట్రాక్టు ముగుస్తుంది. ఒక రోజు ఖాళీ చూపిస్తారు, మళ్లీ రాసిస్తారు. ఆ ఒక్కరోజు కోసం ఎంత శ్రద్ధగా ఫైలు నడుపుతారో చూస్తే, అంత శ్రద్ధ జీతం బిల్లు మీద ఉంటే బాగుండు ననిపిస్తుంది. జీతం రెండు నెలలకోసారి కలిపి వస్తే అదృష్టం. వాళ్ల విభాగంలో టెక్నీషియన్ రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. స్పెక్ట్రోఫొటోమీటరుకు మరమ్మతు ఒప్పందం పొడిగించలేదు. దాని మీద గుడ్డ కప్పి ఉంది. పిల్లలకు బోర్డు మీద గ్రాఫు గీసి చూపిస్తోందట.

"మామయ్యా, నువ్వు లెక్కల మనిషివి కదా, నేను దిగిపోయేనాటికి నా సర్వీసు ఎన్నేళ్లని రాస్తారు?" అని అడిగింది ఓసారి. కాగితం ప్రకారం అది ఒక్క ఏడాది కూడా నిండదు. ఆ మాట నా నోటితో చెప్పవలసి వచ్చింది.

నిబంధనలు లేక కాదు. యూజీసీ 2010లోనూ 2018లోనూ రాసినదాని ప్రకారం కాంట్రాక్టు నియామకాలు మొత్తం బోధనా పోస్టుల్లో 10 శాతం దాటకూడదు, వారి జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసరు మొత్తం జీతానికి తగ్గకూడదు. 2022 పీహెచ్‌డీ నిబంధనలు శాశ్వత అధ్యాపకులే పరిశోధన పర్యవేక్షించాలంటాయి. శాశ్వత అధ్యాపకులు తగ్గితే పరిశోధకులు తగ్గుతారు, పరిశోధన తగ్గితే ప్రాజెక్టుల డబ్బు తగ్గుతుంది. అప్పుడు "ఇక్కడ పరిశోధనే లేదు, ఇంకా ఎందుకివ్వాలి?" అని అడుగుతారు. దీన్ని తర్కం అనాలా?

కోత అంటే ఎలా ఉంటుందో అమెరికాలోని అలాస్కా చూపించింది. 2019 జూన్‌లో అక్కడి గవర్నరు మైక్ డన్లీవీ ఒక్క సంతకంతో విశ్వవిద్యాలయ గ్రాంటులో 13 కోట్ల డాలర్లు కొట్టేశాడు. శాసనసభ అంతకుముందు తగ్గించిన 50 లక్షలు కూడా కలిపితే రాష్ట్రం ఇచ్చే సొమ్ములో 41 శాతం పోయింది. జులైలో పాలకమండలి ఆర్థిక అత్యవసర స్థితి ప్రకటించింది, అంటే శాశ్వత ఆచార్యులను కూడా తీసెయ్యొచ్చన్నమాట. జనం వీధుల్లోకి వచ్చారు. ఆగస్టులో గవర్నరు దిగివచ్చి, మూడేళ్లలో 7 కోట్ల డాలర్ల తగ్గింపుతో సరిపెట్టాడు. అదీ తక్కువ దెబ్బేమీ కాదు. కానీ ఆ కోతకు ఒక తేదీ ఉంది, ఒక అంకె ఉంది, కింద ఒకాయన సంతకం ఉంది. నిలదీయడానికి మనిషి దొరికాడు. మన దగ్గర ఏ తేదీన ధర్నా చెయ్యాలి? ఖాళీ అయిన కుర్చీ నింపకపోవడానికి సంతకమే అక్కర్లేదు.

అందుకే మొన్న మేనకోడలి చేత కాకుండా, ఆమెకు ఇబ్బంది రాకూడదని నా పేరుతోనే సమాచార హక్కు దరఖాస్తు రాశాను. గత పదేళ్లకు ఏటా బడ్జెట్ అంచనా ఎంత, సవరించిన అంచనా ఎంత, నిజంగా విడుదలైంది ఎంత, అందులో పింఛన్లకు పోయింది ఎంత, ప్రతి మార్చి 31 నాటికి మంజూరైన పోస్టులెన్ని, మనుషులున్నవెన్ని అని అడిగాను. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ రోజుకి పదకొండు రోజులైంది.