బల్ల కింది వైపు

మేము ముగ్గురం. ముగ్గురిదీ ఉట్నూరు వైపు ఒకే గూడెం. ఇద్దరం గోండులం, ఒకరు కొలాం. ఇంటర్ తర్వాత చదువు ముందుకు సాగలేదు. ఊరివాళ్లు ఒకరు చెప్తే రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వచ్చాం. తెల్లారేసరికి మెహిదీపట్నంలో దిగి, అడుగుతూ అడుగుతూ గుడిమల్కాపూర్ చేరాం. అక్కడ ఎవరిని అడిగినా ముందు పిల్లర్ నంబరే చెప్తారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున పోయే పీవీ ఎక్స్‌ప్రెస్ వే కింది స్తంభాల నంబర్లే అక్కడి అడ్రస్. మా ఊళ్లో చింతచెట్టు, బోరింగు ఎట్లాగో, అక్కడ పిల్లర్లు అట్లాగ.

మా పని ఒక వడ్రంగి దుకాణంలో. జాంబాగ్ నుంచి తరలి వచ్చిన పూల మార్కెట్ దగ్గరలోనే ఉంటుంది. తెల్లవారుజామున లారీల్లో బంతి, చేమంతి, గులాబీ దిగుతుంటే గల్లీ అంతా వాసన. బతుకమ్మ నాళ్లలో గునుగు, తంగేడు కూడా కట్టలు కట్టి అమ్మకానికి వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా చేను గట్టు మీద పశువులు తొక్కే పువ్వుకు ఇక్కడ ధర ఉంది.

దుకాణం యజమానిని అందరూ ఉస్తాద్ అంటారు. మేమూ అట్లాగే పిలిచాం. ఆయన దగ్గర ముందుగా పనిముట్ల పేర్లు కొత్తగా నేర్చుకున్నాం. మా తాత చిత్రిక అనేదాన్ని ఇక్కడ రందా అంటారు. స్క్రూ బిగించేది పేచ్‌కస్. తలుపు తిరిగే ఇనుప రెక్క కబ్జా. ఆ మాట విన్న రోజు నవ్వుకున్నాం. మా వైపు కబ్జా అంటే భూమి పోవడమే.

చెక్క కూడా మారింది. మా ఊరి చుట్టూ టేకు అడవి. కానీ 2006 అటవీ హక్కుల చట్టం వెదురును మా చిన్న అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, కలపను చేర్చలేదు. కాబట్టి టేకు నీడలో పెరిగిన మేము పని నేర్చుకున్నది ప్లైవుడ్ మీద. మా తాత నాగలి, బండి పని చేసేటప్పుడు కర్ర చీల దిగగొట్టేవాడు. చీల అవతలికి వస్తే రంపంతో కోసి బాడిశతో చదును చేసేవాడు. చీల కూడా కర్రే కాబట్టి కోసిన చోట చెయ్యి పెడితే తెలిసేది కాదు. ప్లైవుడ్‌కు వాడేది ఇనుప స్క్రూ. మర తిప్పితే నిమిషంలో బిగుస్తుంది. అవతల దాని కొన వస్తే మాత్రం అది ముల్లే. ఈ తేడా మాకు ఒక మనిషి చెయ్యి తెగిన తర్వాతనే అర్థమైంది.

దసరాకు వారం ముందు. మార్కెట్‌లో దండలు కట్టే ఒక పెద్దమ్మ చిన్న బల్ల చేయమంది. పైన పూలు పోసుకోవాలి, కింద అరలో తడిగుడ్డ చుట్టిన బుట్టలు పెట్టుకోవాలి. ఉస్తాద్ వేరే చోట పనికి పోయాడు. మేమే చేశాం. 18 మిల్లీమీటర్ల చెక్క మీద 18 మిల్లీమీటర్ల చెక్క. రెండూ కలిపితే 36. దానికి 32 మిల్లీమీటర్ల స్క్రూ పడాలి. డబ్బా తీస్తే అవి అయిపోయాయి. ఇంచున్నర స్క్రూలు ఉన్నాయి. ఇంచున్నర అంటే 38. రెండు మిల్లీమీటర్లే కదా అనుకున్నాం. స్క్రూ తల చెక్కలోకి ఇంకో మిల్లీమీటరు దిగుతుందని లెక్కలోకి తీసుకోలేదు. బల్ల పైభాగం మాత్రం నున్నగా రుద్ది, పాలిష్ పట్టి, రాత్రికి రాత్రి ఇచ్చేశాం.

మర్నాడు పొద్దున పెద్దమ్మ వచ్చింది. కుడిచేతి వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. బల్ల కింద నుంచి బుట్ట లాగబోతే చెయ్యి పైకి తగిలి, మూడు వేళ్ల మీద చీరుకుపోయింది. చెయ్యి తెగిన సంగతి తెలియకుండానే మల్లెలు తీసిందట. బుట్టలో రక్తం మరకలు. దేవుడికి పోయే పూలు. ఆ బుట్ట మొత్తం పారబోసింది. పండుగ వారం రోజుల్లో దండ కట్టే చేతికి దెబ్బ తగిలితే ఆ ఇంటికి ఎంత నష్టమో మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. తునికాకు కట్టలు కట్టే చేతులు మా ఇళ్లల్లోనూ ఉన్నాయి.

ఆమె తిట్టలేదు. "మీదికెల్లి మంచిగనే చేసిన్రు బిడ్డా. కిందికెల్లి చూసిన్రా?" అంది. అంతే.

ముందు ఆమెను బస్తీ దవాఖానాకు తీసుకుపోయాం. కొత్త స్క్రూ కదా, తుప్పు లేదు కదా, ఇంజెక్షన్ ఎందుకు అని మాలో ఒకరం అన్నాం. అక్కడి నర్సమ్మ మా తప్పు దిద్దింది. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు. మట్టిలో, పశువుల పేడలో ఉండే సూక్ష్మక్రిమి గాయంలోకి పోతే వస్తుంది. మెరిసే కొత్త ఇనుము కోసినా రావచ్చు. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో బాగా కడగాలి, టీకా సంగతి దవాఖానాలో అడగాలి అని చెప్పింది. పదేళ్లకు ఒకసారి, పదహారేళ్లకు ఒకసారి పిల్లలకు ప్రభుత్వమే టీడీ టీకా ఇస్తుంది. మా ముగ్గురిలో ఒకరం సూదికి భయపడి ఆ రోజు బడి ఎగ్గొట్టినవాళ్లమే.

దుకాణానికి తిరిగొచ్చాక ఉస్తాద్ కంటే ముందే తప్పు సరిచేద్దామని తొందరపడ్డాం. మాలో ఒకరు సుత్తి తీసుకుని స్క్రూ కొన మీద కొట్టారు. మా ఊళ్లో మేకు అవతలికి వస్తే కొన వంచి కొట్టేవాళ్లు, అదే గుర్తు. మెత్తని ఇనుప మేకు వంగుతుంది. ఈ నల్ల స్క్రూ గట్టిది, పెళుసుది. వంగలేదు, పుటుక్కున విరిగింది. ముక్క చెవి పక్క నుంచి ఎగిరి గోడకు కొట్టుకుంది. అంగుళం అటో ఇటో అయితే కన్ను పోయేది.

అప్పుడే ఉస్తాద్ వచ్చాడు. సుత్తి లాక్కున్నాడు. బల్లను తలకిందులు చేయలేదు, మమ్మల్నే దాని కింద పడుకోమన్నాడు. టార్చి వేసి చూస్తే వరుసగా పదకొండు కొనలు. "మీరు బల్లను నిలబడి చూసిన్రు. ఆమె కూసొని వాడుతది" అన్నాడు.

తర్వాత ఆయన ఒక పాత నూలు గుడ్డ ఇచ్చి చెక్క అడుగున మెల్లగా లాగమన్నాడు. చేత్తో తడిమి చూడొద్దు, చెయ్యి తెగుతుంది. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ కొన ఉన్నట్టు. పట్టుకున్న ప్రతి చోటా సుద్దతో సున్నా చుట్టాం. పది దొరికాయి. పదకొండోది సుత్తి దెబ్బకు విరిగింది. గుడ్డకు తెలియలేదు, వంగి చూస్తే దాని మొండెం చెక్కకు సమంగా ఉంది.

ఆ రోజు నేర్చుకున్నది ఇక్కడ వరుసగా చెప్తున్నాం. పని నేర్చుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, బడిలో చేతిపని నేర్పే సార్లకు, మేడమ్‌లకు అక్కరకు వస్తుందని.

మొదటి దారి, అన్నింటికంటే మంచిది, పొడుగు స్క్రూ తీసేసి పొట్టిది వేయడం. కోయడం, రాయడం ఏదీ అక్కర్లేదు. పొట్టిది దొరకకపోతే, తల గుండ్రంగా పైకి ఉండే స్క్రూకు కింద ఒకటి రెండు వాషర్లు వేస్తే కొన అంత మేరకు వెనక్కి వస్తుంది. స్క్రూ తీయడానికి వీల్లేకపోతే, అంటే తల అరిగిపోయినా, జిగురు పట్టేసినా, అప్పుడే కోయాలి.

కోసే గ్రైండర్ చక్రం నిమిషానికి దాదాపు 11 వేల చుట్లు తిరుగుతుంది. కంటికి అద్దాలు లేకుండా దాన్ని ముట్టొద్దు. చక్రం మీది కవచం తీయొద్దు. మెడలో తువ్వాల, చున్నీ, వదులు చొక్కా చేతులు వద్దు. నిప్పురవ్వలు పోయే వైపు మనిషి ఉండకూడదు. ఇంకో మాట మా దుకాణంలో అందరూ మరిచిపోయేది: రంపం పొట్టు. అందులో రవ్వ పడితే వెంటనే మంట రాదు. లోపల లోపల రాజుకుని అందరూ భోజనానికి పోయాక అంటుకుంటుంది. అందుకే ముందు ఊడ్చి, బకెట్ నీళ్లు దగ్గర పెట్టుకోవాలి. కోసిన తర్వాత మిగిలిన మొండెం కాలుతుంటుంది, దాని అంచు బ్లేడులా ఉంటుంది. చల్లారనిచ్చి ఆకురాయితో చెక్కకు సమంగా రాయాలి. దాని మీద సన్నని చెక్క పట్టీ ఫెవికాల్‌తో అంటిస్తే ఇంకా నిశ్చింత.

పెద్దమ్మ బల్లకు మేము మొదటి దారే పట్టాం. 32 స్క్రూల పొట్లం కొనుక్కొచ్చి పది మార్చాం. విరిగిన మొండేన్ని ఆకురాయితో రాసి, మీద పట్టీ వేశాం. పొట్లం డబ్బులు, పారబోసిన మల్లెల డబ్బులు మా కూలిలోంచి పోయాయి. ఉస్తాద్ కోత పెట్టమనలేదు. మేమే ఇచ్చాం.

అసలు కొన బయటికి రాకుండా చేయడం ఇంకా సులువు. రెండు చెక్కల మందం కలిపి, అందులోంచి కనీసం మూడు మిల్లీమీటర్లు తీసేసి, తల ఎంత దిగుతుందో కూడా చూసి స్క్రూ ఎంచుకోవాలి. చెక్క మందం పేరును బట్టి నమ్మొద్దు, కొలవాలి. 18 అని అమ్మే చవక ప్లైవుడ్ కొలిస్తే ఒక్కోసారి 17 కూడా ఉండదు. ముందుగా సన్నని రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లు బిట్‌కు కావలసిన లోతు దగ్గర టేపు ముక్క చుట్టుకుంటే అవతలికి పోదు. ఎక్కువ పొరపాట్లు జరిగేది కబ్జాల దగ్గర, గొళ్లేల దగ్గర. 12 మిల్లీమీటర్ల తలుపుకు 19 మిల్లీమీటర్ల స్క్రూ వేస్తారు. తలుపు లోపలి వైపు ఎవరు చూస్తారులే అని.

ఆ ఏడాది దీపావళికి దండారి ఆడటానికి ఊరికి పోయాం. గుస్సాడీలు మా గూడెం నుంచి పక్క గూడేనికి బయల్దేరిన రోజు మేమూ వెంట నడిచాం. అక్కడి బడి అరుగు మీద రాత్రి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే తరగతి గదిలో బల్లలు. ముగ్గురికీ ఒకటే ఆలోచన వచ్చింది. కింద పడుకుని చూశాం. నాలుగు బల్లల కింద కొనలు ఉన్నాయి, సరిగ్గా పిల్లల మోకాళ్లు తగిలే చోట. సార్‌కు చూపించాం. "పిల్లలు గీరుకుపోయింది అంటే ఆటలో తగిలిందనుకున్నా" అన్నాడాయన. ఇంట్లో అమ్మానాన్నలూ అదే అనుకుని ఉంటారు. పిల్లలు చెప్పలేదు. బల్ల మీద ఫిర్యాదు చేయొచ్చని వాళ్లకు తెలియదు.

సెలవులు అయ్యాక మేము రెండు రోజులు ఆగి ఆ బల్లలు బాగుచేశాం. సార్ ఐదో తరగతి పిల్లలకు తలా ఒక గుడ్డపేలిక ఇచ్చి, బడిలోని ప్రతి బల్ల, కిటికీ, తలుపు అడుగున లాగించాడు. గుడ్డ పట్టుకున్న చోటల్లా సుద్దతో సున్నా. వాళ్లకు అది ఆట అయింది. ఇంటికి పోయి మంచాలు, పీటలు కూడా చూశారని తర్వాత విన్నాం. ఏ బడిలోనైనా అరపూటలో అయ్యే పని ఇది. కావలసింది పాత గుడ్డ, సుద్దముక్క. కొనలు దొరికాక వాటిని తీసే పని మాత్రం పెద్దవాళ్లదే.

మేము ఇంకా గుడిమల్కాపూర్‌లోనే ఉన్నాం. ఇప్పుడు ప్రతి వస్తువు ఇచ్చే ముందు ముగ్గురిలో ఎవరో ఒకరం దాని కింద దూరి గుడ్డ లాగుతాం. పక్క దుకాణం పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

నిరుడు దసరాకు పెద్దమ్మ మళ్లీ వచ్చి ఇంకో బల్ల చేయించుకుంది, కోడలు కూడా దండలు కడుతోందట. తీసుకుపోయే రోజు పైన పాలిష్ వైపు చూడనే లేదు. వంగి, చీర కొంగు చేతికి చుట్టుకుని, చెక్క అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు లాగింది. కొంగు ఎక్కడా పట్టుకోలేదు. అప్పుడు నడుము ఎత్తి, రొంటిన ఉన్న డబ్బులు తీసి లెక్కపెట్టింది.