బంతి వెంట దేశాటన

పిల్లలూ! హైదరాబాదు నుంచి ముంబాయి వెళ్ళే పెద్ద రోడ్డు మీద పటాన్‌చెరు దాటి, ఇస్నాపూర్ దగ్గర లోపలికి తిరిగితే పాశమైలారం వస్తుంది. ఇక్కడి ఫ్యాక్టరీలలో పని చేయటానికి బీహారు నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి ఎందరో వచ్చారు. ఒక్క వీధిలోనే నాలుగు భాషలు వినవచ్చు. కాని ఖాళీ స్థలంలో బంతి పడిందంటే పిల్లలందరిదీ ఒకటే భాష.

ఇట్లా పలు భాషలవాళ్ళను ఒక్క జట్టుగా చేసి, దేశదేశాలు తిప్పిన ఉపాధ్యాయుడు ఒకాయన మన హైదరాబాదులో ఉండేవారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడారు. పట్టభద్రులై బడిలో పాఠాలు చెప్పారు. 1950 నుంచి మన దేశపు జట్టుకు శిక్షకులుగా ఉన్నారు. అందరూ ఆయనను రహీం సాబ్ అనేవారు.

మీ అట్లాసు తీసి ముందు పెట్టుకోండి. ఆయన వెళ్ళిన నాలుగు నగరాలు వెతుకుదాం.

మొదటిది ఫిన్లాండు రాజధాని హెల్సింకి. మన హైదరాబాదు భూమధ్యరేఖకు ఉత్తరాన 17 డిగ్రీల దగ్గర ఉంటే, హెల్సింకి 60 డిగ్రీల దగ్గర ఉన్నది. జూలైలో భూమి ఉత్తర భాగం సూర్యుడివైపు వంగి ఉంటుంది గనుక అక్కడ పగలు సుమారు 18 గంటలు. 1952లో ఒలింపిక్ క్రీడలు అక్కడే జరిగాయి. మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఉత్త కాళ్ళతోనే ఆడారు. ఆ చలి వాళ్ళకు కొత్త. యుగోస్లావియా జట్టు 10 గోళ్ళు వేసింది. మనకు వచ్చింది ఒక్కటే!

ఆ తరువాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి చేశారు. బూటు అడుగున ఉండే బొడిపెలు నేలలో దిగి, కాలు జారకుండా పట్టు ఇస్తాయి. కాని బూట్లు కొన్నంత మాత్రాన ఆట వస్తుందా? రహీం సాబ్ పంతులు కదా, ఓటమిని దిద్దిన పరీక్ష పేపరు లాగా చూశారు. తప్పు ఎక్కడ ఉన్నదో అక్కడే సాధన చేయించారు. బంతిని తన దగ్గరే అట్టే పెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలని ఒక పోటీ; వాటం లేని కాలితోనే తన్నాలని మరొక పోటీ. ఇవన్నీ హైదరాబాదులోనే పెట్టారు.

రెండవది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. అది దక్షిణార్ధగోళం. మనకు చలికాలం వచ్చేటప్పుడు వాళ్ళకు ఎండకాలం వస్తుంది. 1956 ఒలింపిక్స్‌లో మనవాళ్ళు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించారు. అందులో మూడు గోళ్ళు నెవిల్ డిసౌజావే. సెమీఫైనల్‌లో ఎదురైంది మళ్ళీ యుగోస్లావియాయే! ఈసారి మొదటి గోలు మనవాళ్ళే వేశారు. చివరకు 4–1తో ఓడినా, నాలుగేళ్ళ చదువు ఫలించిందని తెలిసింది. మన జట్టుకు నాలుగవ స్థానం వచ్చింది.

మూడవది ఇటలీ రాజధాని రోము, 1960. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామన్ అక్కడ హంగేరీ మీద గోలు వేశారు. ఆ ఆట 2–1తో పోయింది. ఫ్రాన్సుతో 1–1 సమంగా ముగిసింది.

నాలుగవది ఇండోనేషియాలోని జకార్తా. భూమధ్యరేఖకు చాలా దగ్గర గనుక అక్కడ ఏడాది పొడవునా పగలూ రాత్రీ దాదాపు సమానం. అక్కడివారు భాషను ‘బహాస’ అంటారు. ఉపాధ్యాయుణ్ణి ఏమంటారో తెలుసా? ‘గురు’ అనే!

1962 ఆసియా క్రీడలలో మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడింది. తరువాత ఒక ఆటలో రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ణి ముందు వరుసలో ఆడించారు. అతడు సెమీఫైనల్‌లో గోలు వేశాడు. సెప్టెంబరు 4న ఫైనల్ మళ్ళీ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వనందుకు ఒక భారతీయ అధికారి అభ్యంతరం చెప్పటంతో, అక్కడి జనం మనవాళ్ళ మీద కోపంగా ఉన్నారు. ఆ కేకల మధ్యనే బెంగాలీ పి.కె. బెనర్జీ ఒక గోలు, పంజాబీ జర్నైల్ సింగ్ ఒక గోలు వేశారు. 2–1తో స్వర్ణ పతకం మనదైంది!

మరుసటి ఏడు, 1963 జూన్ 11న, రహీం సాబ్ క్యాన్సరుతో కన్నుమూశారు. 2023 ఆసియా క్రీడల దాకా ఫుట్‌బాల్‌లో ఆ స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు.

పిల్లలూ! మీరూ పెద్దయి పై చదువులకు విదేశాలకు వెళ్ళవచ్చు. అక్కడి వింతలు చూసి రండి, తప్పులేదు. మనకు లేనిదేమిటో కూడా చూసి, దానిని నేర్చుకుని వస్తేనే ఆ ప్రయాణం చదువు అవుతుంది. అందాకా ఒక పని చేయండి. ఒక వారం వాటం లేని కాలితోనే బంతి తన్నండి. మీ వీధికి కొత్తగా వచ్చిన పిల్లవాడిని ఆటకు పిలిచి, బంతిని వాళ్ళ భాషలో ఏమంటారో అడిగి నేర్చుకోండి.