యూరియా బస్తా వెనక ఇనుము



పోయిన వానాకాలం యూరియా కోసం లైన్లో చెప్పులు పెట్టి చెట్టుకింద కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పక్కన మా తమ్ముడి కొడుకు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "పెదనాన్నా, యూరియాలో నత్రజని గాలిలోంచే తీస్తారు తెలుసా" అన్నాడు. గాలిలో ఉంటే మరి ఈ లైనెందుకురా అన్నా. ఇంటికొచ్చాక వాణ్ణి గుచ్చి గుచ్చి అడిగా. అదే మీకు చెప్తున్నా.

గాలిలో 78 శాతం నత్రజనే. కానీ జంటగా గట్టిగా అతుక్కుని ఉంటుంది, పైరుకి అందదు. దాన్ని విడగొట్టి అమ్మోనియా చెయ్యాలంటే ఉత్ప్రేరకం కావాలి. అంటే పని జరిపించి తాను మాత్రం ఖర్చవని పదార్థం. (పాలలో తోడు లాంటిదా అని అడిగా. కాదట, తోడు పాలలో కలిసిపోతుంది, ఇది కలవదు.) 1909లో జర్మనీలో హేబర్ ఆస్మియం అనే లోహంతో చేసి చూపించాడు. అది దొరకడమే అరుదు. చవకైనది వెతికే పని బీఏఎస్ఎఫ్ కంపెనీలో మిట్టాష్ మీద పడింది. ఆయన మనుషులు వేల రకాలు ఒక్కొక్కటే పెట్టి చూశారు. తేలింది ఇనుము, అందులో కాస్త అల్యూమినా, పొటాష్. వందేళ్ళు దాటినా ఎక్కువ ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ అదే.

ఇదంతా పదును సంగతే. నల్లరేగడి తడిగా ఉంటే నాగలికి అంటుకుపోతుంది, ఎండితే నాగలి దిగదు. లోహం కూడా అంతే. నత్రజనిని మరీ గట్టిగా పడితే వదలదు, వదులుగా పడితే విడగొట్టలేదు. డెన్మార్క్‌లో నార్స్కోవ్ బృందం ఆ పట్టుని కంప్యూటర్లో లెక్కగట్టింది. మాలిబ్డినం గట్టిగా పడుతుంది, కోబాల్ట్ వదులు, రెండూ కలిపితే పదును కుదురుతుందని 2001లో చెప్పారు. చేసి చూస్తే పనిచేసింది.

అయితే ఒక్కో లెక్కకి గంటలు, రోజులు. అందుకని ఫేస్‌బుక్ పరిశోధకులు, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు కలిసి 26 కోట్లకు పైగా లెక్కలు చేయించి 2020లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. వాటితో నేర్చుకున్న మెషిన్ క్షణాల్లో అంచనా చెప్తుంది, మా నాయన మట్టి పిసికి పదును చెప్పినట్టు.

మనకేంటి అంటారా? ఇప్పటి పద్ధతికి 400 డిగ్రీల పైన వేడి, విపరీతమైన ఒత్తిడి, సహజవాయువు కావాలి. ఆ గ్యాస్ చాలామటుకు బయటి దేశాలదే. తక్కువ వేడికి పనిచేసేది దొరికితే సోలార్ కరెంటుతో చిన్న ఫ్యాక్టరీలు పెట్టొచ్చంటాడు మావాడు. నాకంత తొందర లేదు. ప్యాకెట్ మీద రాసిన దిగుబడి నమ్మి అప్పు చేసినవాణ్ణి. మెషిన్ బాగుందన్నది తయారుచెయ్యడానికే రాకపోవచ్చు, వచ్చినా కొలిమిలో ఏళ్ళు నిలవాలి.

మావాడు ఎంటెక్‌లో ఇదే చదువుతానంటున్నాడు. ఫీజు సంగతి నిన్న తమ్ముడు అడిగాడు. మొక్కజొన్న అమ్మినాక చూద్దాం అన్నా.