పొత్తిళ్ళలోకి ఒక బొంత

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్లకు పోయే దారిలో గోదావరి ఎడంపక్కన కాసేపు కనబడుతుంది, కాసేపు చెట్ల చాటుకు పోతుంది. ఆ దారిని ఆనుకున్న ఒక ఊళ్ళో ఆడవాళ్ళు దర్జీల దగ్గర మిగిలిన గుడ్డపేలికలతో పసిబిడ్డలకు బొంతలు కుట్టి ఊరికే ఇస్తున్నారని విని వెళ్ళాను. పేర్లు రాయొద్దని ముందే మాట తీసుకున్నారు. పని గురించి మాత్రం ఎంతైనా రాసుకోమన్నారు.

నేను వెళ్ళేసరికి ఇంకా ఎవరూ సూది పట్టలేదు. పెంకుటింటి వసారాలో టార్పాలిన్ పరిచి, ఖమ్మం నుంచి బస్సులో వచ్చిన మూటలు విప్పి ఏరుతున్నారు. జాకెట్టు చంకల దగ్గర కత్తిరించిన నెలవంక ముక్కలు, స్కూలు యూనిఫాం అంచులు, నైటీల పూలగుడ్డ, లైనింగు, లేసు తుంపులు. వాళ్ళలో పెద్దావిడను అందరూ పెద్దమ్మా అంటారు. నేనూ అలాగే పిలిచాను. అనుమానమున్న ముక్కలోంచి ఆవిడ ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటిస్తుంది. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే నూలు. ముడుచుకుపోయి కొసన నల్లగా గట్టిపడితే పాలిస్టర్. నూలు గంపలోకి, పాలిస్టర్ పక్కనున్న యూరియా సంచిలోకి.

"సగం పని ఏరుడేనమ్మా. చెమట పీల్చని గుడ్డ పసిపిల్ల ఒంటికి ఎట్టా ఏస్తాం? మన ఇంటి పిల్లకైతే ఏస్తామా?" అంది పెద్దమ్మ.

పెద్దమ్మ యాసకు ఒక కారణముంది. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ తర్వాతే ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల ఊళ్ళు మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. గీతలు ఎటు జరిగినా ఇక్కడి మాటలో ఆంధ్ర, తెలంగాణ యాసలు రెండూ కలిసే నడుస్తున్నాయి.

ఏరిన నూలు ముక్కల్ని వేణ్ణీళ్ళలో నానబెట్టి గంజి వదలగొడతారు. రంగు దిగే ముక్కను తెల్లగుడ్డకు రుద్ది పట్టుకుంటారు. ఎండలో ఆరాక ముక్కకు ముక్క అతికి పొరగా చేస్తారు. పైకీ కిందికీ మాత్రం బాగా వాడి మెత్తబడిన నూలుచీరే. అయిదున్నర మీటర్ల చీరను గజానికొకటి చొప్పున చింపితే ఆరు ముక్కలు, అంటే మూడు బొంతలకు రెండు వైపులా సరిపోతుంది. మూడు పొరలూ కలిపి చుట్టూ టాకాలు వేసి, నడుమ నుంచి అంచులకు వరసలు కుట్టుకుంటూ పోతారు. అంచు నుంచి మొదలుపెడితే నడుమ గుడ్డ ఉబ్బుతుందట. దబ్బనం వాడరు. దాని రంధ్రాలు పెద్దవి, ఉతికేకొద్దీ సాగుతాయి. చిన్న సూదితో గోరంత కుట్టు.

ఒకమ్మాయి కుట్టు ముగించి ముడి వేసింది. పెద్దమ్మ బొంత అందుకుని వెనక్కి తిప్పి వేలితో తడిమి, దారం కొస బయటికి ఉందని విప్పించింది. ముడి పొరల మధ్యకు పోవాలి. తేలిన దారం పసివాళ్ళ వేలికి చుట్టుకుంటే వేలు వాచి నల్లబడుతుంది, పిల్ల ఎందుకేడుస్తోందో తల్లికి తెలియదు. గుండీలు, పూసలు, లేసు ఈ బొంతల మీద కనబడకపోవడానికీ ఇలాంటి కారణమే. ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకోకుండా కుట్టు విప్పి మళ్ళీ కూర్చుంది. నాకు ఆ ఊళ్ళో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఊరికే ఇచ్చేదానికి ఇంత పట్టింపేమిటని అక్కడ ఎవరూ అనుకోరు.

ఈ బొంతల అవసరం ఎక్కడుందంటే, భద్రాచలం ప్రభుత్వాసుపత్రికి ఒక్క తెలంగాణ నుంచే కాదు, ఛత్తీస్‌గఢ్ అడవి ఊళ్ళ నుంచి, ఆంధ్ర వైపు నుంచి కూడా కాన్పులకు వస్తారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం గొడవలకు భయపడి ఇటు వచ్చిన గొత్తికోయ ఆదివాసీల గూడేలు చర్ల అడవుల్లో ఉన్నాయి. కొన్నింటికి ఇప్పటికీ సరైన బాట లేదు. పుష్యమాసపు చలిలో బరువు తక్కువ బిడ్డతో అంత దూరం తిరిగి వెళ్ళడం మాటలు కాదు. బిడ్డ ఒంటి వేడి 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నెలలు నిండని బిడ్డను తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టుకోవడం అన్నిటికంటే మంచి కాపు. 1978లో కొలంబియాలోని బొగోటా వైద్యులు మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ ఉంది. బొంత పని ఆ తర్వాతది. తల్లీబిడ్డలను కలిపి పైనుంచి కప్పడానికి, లేదా బిడ్డ కింద పరచడానికి. మొహం మీదికి జరిగేలా కప్పొద్దని ఇచ్చేటప్పుడే కోయభాషలో చెబుతారు.

ఈ పని 2022 వరదల తర్వాత మొదలైందట. ఆ జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు ఇస్తారు. అంతకుమించిన వరద 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగులదే. పునరావాస శిబిరంలో పంచిన పాతబట్టల మూటల్లో జిప్పు ఊడిన ప్యాంట్లు, జరీ గుచ్చుకునే గౌన్లు ఉన్నాయని వీళ్ళు చెప్పారు. పిల్లకు చుట్టడానికి మెత్తటి గుడ్డ ఒక్కటీ దొరకలేదట. మనం అల్మరా ఖాళీ చేసుకోవడాన్ని దానం అనుకుంటున్నామని అక్కడ కూర్చుని వింటుంటే తెలిసింది. 1999లో ఢిల్లీలో గూంజ్ సంస్థను స్థాపించి, 2015లో మెగసెసే అవార్డు అందుకున్న అన్షు గుప్తా ఏళ్ళ తరబడి చెబుతున్నదీ పుచ్చుకునేవాళ్ళ గౌరవం గురించే. బీహార్‌లో పుట్టిన బిడ్డకు పాతచీరల పొరలతో సుజని కుడతారు. కన్నడ పల్లెల్లో కౌది, మరాఠీ ఇళ్ళలో గోధడి. మన అమ్మమ్మల బొంత కూడా ఆ కోవలోదే. పాతగుడ్డ ఇవ్వడం ఎక్కడా తక్కువ పని కాదు, దాని మీద మన చెయ్యి పడి ఉంటే.

వీళ్ళకు అన్నిటికంటే కరువు మెత్తటి పాత నూలుచీరలకు, పంచెలకు. ఇంట్లో అలాంటివి ఉన్నవాళ్ళు ఉతికి, జరీ అంచు కోసి పంపితే చాలంటున్నారు. వానాకాలం ముసుర్లో మందపు బొంత ఆరక ముక్క వాసన వేస్తుంది కాబట్టి పొరలు పెంచమన్నా పెంచరు. యూరియా సంచిలోని పాలిస్టర్‌కూ దారి దొరికింది. పొడుగు పేలికలను జడలా పేని, గుండ్రంగా చుట్టి నీళ్ళబిందెల కింద పెట్టుకునే చుట్టకుదుళ్ళు చేస్తున్నారు. మిగిలిన ముక్కలతో అంగన్‌వాడీ పిల్లలు కూర్చునే పట్టలు కుట్టాలని, నేను బయల్దేరేసరికి టీచర్ పంపిన కొలతల చీటీ ముందు పెట్టుకుని పిల్లకు ఎన్ని జానలు కావాలో లెక్క వేస్తున్నారు.