దొడ్డబెట్ట మీద రెండు థర్మామీటర్లు

పిల్లలూ! నేను ముప్ఫయి ఏళ్ళకు పైగా బడిపంతులుగా పనిచేశాను. ఒకనాడు ఏడో తరగతికి భూగోళం చెబుతూ, "ఎత్తుకు పోయినకొద్దీ చల్లగా వుంటుంది. ఊటీ చల్లని వూరు కావటానికి కారణం అదే," అన్నాను. వెనక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "మాష్టారూ, కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం గదా! వేడి ఎక్కువ కావాలిగాని, చలి ఎందుకు?" అని అడిగాడు.

గంట కొట్టే వేళయింది. పాఠం ఇంకా మిగిలివున్నది. "పుస్తకంలో వున్నది చదువు, కూర్చో!" అన్నాను. వాడు కూర్చున్నాడు. ఆ తరవాత నన్ను ఎన్నడూ ఏ ప్రశ్నా అడగలేదు.

మొన్న ఏప్రిల్‌లో పదేళ్ళ మా మనవణ్ణి వెంటబెట్టుకుని ఊటీ వెళ్ళాను. కొండల అడుగున వున్న మేట్టుపాళయంలో చిన్న రైలెక్కాము. ఈ రైలు కూనూరు వరకు 1899లో, ఊటీ వరకు 1908లో వచ్చింది. దీని విచిత్రమేమంటే, కూనూరు దాకా ఇంజను ముందుండి లాగదు, వెనక వుండి నెడుతుంది. కల్లార్ దాటాక పట్టాల నడుమ పళ్ళున్న ఇనపకడ్డీ వుంటుంది. ఇంజను కిందనున్న పళ్ళచక్రం ఆ పళ్ళను పట్టుకుంటూ, జారకుండా ఎక్కుతుంది. 46 కిలోమీటర్ల ప్రయాణానికి దాదాపు అయిదు గంటలు పట్టింది. కల్లార్ దగ్గర పోకచెట్లు చూస్తూ విసనకర్రతో విసురుకున్నవాళ్ళమే, కూనూరు దాటేసరికి శాలువలు కప్పుకున్నాము.

"తాతయ్యా, పైకి వచ్చాం గదా, సూర్యుడు దగ్గరయాడు గదా, మరి చలి ఎందుకు?" అన్నాడు మావాడు.

నా గుండె ఝల్లుమన్నది. అదే ప్రశ్న! ఈసారి "కూర్చో" అనదలుచుకోలేదు. "రేపు కొండెక్కి, మనమే కొలిచి చూద్దాం," అన్నాను. నా సంచీలో రెండు థర్మామీటర్లున్నాయి.

ఊటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున వున్నది. దానికి దగ్గరలోనే దొడ్డబెట్ట అనే శిఖరం వున్నది. దాని ఎత్తు 2,637 మీటర్లు. నీలగిరులలో అన్నిటికన్న ఎత్తయినది అదే. "దొడ్డబెట్ట" అంటే పెద్దకొండ. మనం "దొడ్డమనసు" అంటామే, ఆ దొడ్డే ఇదీను.

మర్నాడు ఉదయం ఎనిమిది గంటలకు రెండు థర్మామీటర్లనూ బస వరండాలో నీడన పక్కపక్కన వేలాడదీశాము. రెండూ 14 డిగ్రీలే చూపినవి. రెండింటికీ తేడా లేదని రూఢి చేసుకుని, ఒకదాన్ని అక్కడే వుంచాము. సరిగా పన్నెండు గంటలకు అది ఎంత చూపేదీ కాగితం మీద రాసిపెట్టమని, నాకు వచ్చిన కాస్త అరవంలో కావలివాడికి చెప్పాను. రెండవది జేబులో పెట్టుకుని నడక సాగించాము.

దారి పొడుగునా కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి వేసిన క్యారెట్టు, బంగాళాదుంప మళ్ళు కనిపించినవి. ఆ పైన పొడుగాటి చెట్లు. మావాడు ఒక ఆకు నలిపి వాసన చూసి, "జలుబు మందు!" అన్నాడు. వాడన్నది నిజమే. నీలగిరి తైలం ఆ ఆకు నుంచే తీస్తారు. మనం దాన్ని నీలగిరి చెట్టు అంటాము గాని, అసలు దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1840 ప్రాంతాల్లో దాన్ని తెచ్చి ఇక్కడ నాటారు.

ఈ కొండల సొంత అడవి వేరే వున్నది. దాన్ని షోలా అంటారు. కొండ వాలంతా గడ్డి, రెండు వాలులు కలిసే మడతలో మాత్రం గుబురుగా పొట్టిచెట్లు. రోడ్డు పక్కన అలాంటి చోట ఆగాము. కొమ్మలన్నిటికీ నాచు పట్టివున్నది. మావాడు దాన్ని వేలితో నొక్కితే చెయ్యి తడిసింది. గడ్డీ షోలా కలిసి వాననీటినీ మంచునూ పట్టివుంచి, కొద్దికొద్దిగా వాగులలోకి వదులుతాయి. గడ్డినేలలు చాలా చోట్ల పరాయిచెట్ల తోటలుగా మారాయి. మిగిలినవాటిని కాపాడుకోవటం ఎంత అవసరమో ఆ తడి చెయ్యే చెప్పింది.

పన్నెండు కావస్తూండగా శిఖరం చేరాము. చలిగాలి చెవులను కోస్తున్నది. నీడన థర్మామీటరు పట్టుకుని, గడియారం చూస్తూ నిలబడ్డాము. సరిగా పన్నెండుకు 17½ డిగ్రీలు!

మావాడి ముఖం చిన్నబోయింది. "పొద్దున కింద పధ్నాలుగే గదా! చల్లబడలేదు, వేడెక్కింది. పుస్తకం తప్పా తాతయ్యా?" అన్నాడు.

"పొద్దుటికీ మధ్యాహ్నానికీ పోలిక ఎట్లా కుదురుతుంది? ఇదే సమయానికి కింద ఎంత వున్నదో తెలియాలి. తొందరపడకు," అన్నాను. అన్నానేగాని నాకూ లోపల ఆదుర్దాగానే వున్నది. 1847లోనే ఈ కొండ మీది బంగళాలో వాతావరణ పరిశీలనలు చేశారు. వాళ్ళెంత ఓపికపట్టారో గదా అనుకున్నాను.

దిగుతూ వాడికి ఇలా చెప్పాను:

"సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన వున్నాడు. మనం ఎక్కివచ్చిన కొండ ఎత్తు రెండున్నర కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ దూరంలో ఇది ఒక లెక్కా? ఎండ గాలిలోగుండా వచ్చేటప్పుడు దాన్ని అంతగా వేడిచెయ్యదు. ముందు నేల కాలుతుంది. పెనం దాని మీది గాలిని వేడిచేసినట్టు, నేల తనను అంటిన గాలిని వేడిచేస్తుంది. ఆ గాలి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ గనక వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది. సైకిలు ట్యూబులోని గాలి వదిలితే చేతికి చల్లగా తగలదూ? అదే సంగతి. మొత్తం మీద వెయ్యి మీటర్ల ఎత్తుకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది."

"ఊటీకీ శిఖరానికీ తేడా నాలుగువందల మీటర్లు. అయితే రెండున్నర డిగ్రీలు తగ్గాలి," అని మావాడు వేళ్ళ మీద లెక్కకట్టాడు. ఇక వాడి కాళ్ళు ఆగలేదు. నాకంటె ముందే బసకు పరుగెత్తాడు.

నేను చేరేసరికి వాడు కాగితం పట్టుకుని గంతులేస్తున్నాడు. కావలివాడు అంకె గుండ్రంగా రాశాడు: 20!

పిల్లలూ, మీరూ ఇలా చేసి చూడవచ్చును. ఒకే రోజున, ఒకే గంటకు, తిరుపతిలో ఒకరూ, తిరుమల కొండ మీద ఒకరూ నీడన కొలిచి, అంకెలు పోల్చి చూడండి. గాలీ మబ్బూ వుంటే లెక్క కాస్త అటూ ఇటూ కావచ్చు.

ఆనాటి ఆ కుర్రవాడికి ఇప్పుడు పిల్లలు పుట్టి వుంటారు. ఏ వూళ్ళో వున్నాడో నాకు తెలియదు. వాళ్ళింటికి ఈ పత్రిక వస్తుందేమో! నాయనా, నీ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. జవాబు ఆలస్యంగా పంపిస్తున్నాను.